మిలటరీలో చేసిన తాతయ్య గురించి పెద్దకర్మ రోజున ఏం మాట్లాడాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీ అమ్మగారి నాన్న, 86 ఏళ్ళ పెద్దాయన, పోయిన వారం కాలం చేశారు. 1957లో ఆర్మీలో చేరి 17 ఏళ్ళు చేసి వచ్చారు. 1971 యుద్ధంలో ఉన్నారని ఇంట్లో అందరూ అంటారు గానీ ఆయన నోటి నుంచి ఒక్క ముక్క కూడా ఎవరూ వినలేదు. ఒక నల్ల ట్రంకు పెట్టె, నాలుగు పతకాలు, కొన్ని కాగితాలు మిగిలాయి. ఇంకో ఐదు రోజుల్లో పెద్దకర్మ. మనవడిగా మీరు మాట్లాడాలి, కుదిరితే చిన్న పుస్తకం వేసి వచ్చినవాళ్ళకి పంచాలి. "ఆయన చేసిన యుద్ధం వివరాలు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఐదు రోజుల్లో యుద్ధం వివరాలు దొరకవు, వాటి కోసం తిరగొద్దు. ట్రంకులో డిశ్చార్జ్ బుక్ (సర్వీసు ముగిశాక ఆర్మీ ఇచ్చే పుస్తకం) వెతకండి. మీ అమ్మమ్మగారి పక్కన రెండు పూటలు కూర్చోండి. ఐదు నిమిషాలు మాట్లాడటానికి ఆ రెండూ చాలు. పుస్తకం సంవత్సరీకానికి వేసుకోవచ్చు, తొందరేం లేదు.

నేను ఆర్మీ సిగ్నల్స్‌లో (సమాచార విభాగం) క్లర్కుని. 22 ఏళ్ళు చేసి హవల్దారుగా బయటికొచ్చాను. వచ్చాక మా చుట్టుపక్కల మాజీ సైనికుల పెన్షన్ కాగితాలు చూసిపెట్టే పని నా మీద పడింది. కాగితాలు చూసేవాడు కాబట్టి చావు ఇంటికీ నన్నే పిలుస్తారు, "మీరైతే నాలుగు మాటలు బాగా చెప్తారు" అని. అలా ఇరవై ఏళ్ళుగా చాలా పెద్దకర్మల్లో మైకు పట్టుకున్నాను. కొన్నిచోట్ల బాగా చెప్పాను, కొన్నిచోట్ల పరువు తీసుకున్నాను. మీకు ఆ రెండో రకమే ఎక్కువ పనికొస్తుంది.

ముందు చిన్న లెక్క వేయండి. 86 ఏళ్ళలో మిలటరీ 17. ఆ పదిహేడులో 1971 యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో లొంగుబాటుతో, మర్నాడు పడమటి వైపు కాల్పుల విరమణతో ముగిసింది. అంటే రెండు వారాలు. మరి మిగతా జీవితం? ముప్పై ఆరేళ్ళకే బయటికొచ్చిన మనిషి ఆ తర్వాత యాభై ఏళ్ళు ఊళ్ళో బతికాడు. ఏ బ్యాంకు దగ్గరో గార్డుగా నిలబడ్డాడో, పొలం చేశాడో, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాడో. ఊరివాళ్ళకి తెలిసిన మనిషి ఆయనే. పెద్దకర్మకి వచ్చి భోజనం చేసి వెళ్ళేది ఆ యాభై ఏళ్ళు చూసినవాళ్ళు. వాళ్ళ ముందు నిలబడి మీరు రెండు వారాల గురించి, అదీ మీకు తెలియనిదాని గురించి చెప్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక డిశ్చార్జ్ బుక్. మాసిపోయిన అట్టతో చిన్న పుస్తకం. ట్రంకులో అడుగున, చాలాసార్లు పాత ఎల్ఐసీ బాండ్ల మధ్య ఉంటుంది. పెన్షన్ పుస్తకం వేరు, పీపీఓ (పెన్షన్ మంజూరు చేసిన ఉత్తర్వు) వేరు, వాటితో కలిపి చూడొద్దు. డిశ్చార్జ్ బుక్‌లో ఆయన నంబరు, ర్యాంకు, ట్రేడు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ, ఎందుకు వచ్చేశారు, ఏ పతకాలు వచ్చాయి, ప్రవర్తన ఎలా ఉంది అన్నీ రాసి ఉంటాయి. ప్రవర్తన దగ్గర "ఎగ్జెంప్లరీ" అని ఉంటే అది పైమెట్టు, దాని కింద "వెరీ గుడ్". ఆ ఒక్క మాట చాలు మైకులో చదవడానికి. ఇప్పటి మన పొగడ్తకి అంత విలువ ఉండదు. ఆయన్ని రోజూ చూసిన పై అధికారి సంతకం పెట్టి ఇచ్చిన మాట అది.

అందులో ఒక గడి ఎవరూ పట్టించుకోరు: గుర్తింపు మచ్చలు. ఒకింట్లో మనవరాలు అది చదివింది, "ఎడమ కనుబొమ్మ మీద మచ్చ" అని. "ఇదెక్కడిది?" అని పక్కనే కూర్చున్న ముసలావిణ్ణి అడిగింది. ఆవిడ చనిపోయినాయన చెల్లెలు. "నేను విసిరిన గోటీబిళ్ళ తగిలిందే, నాకప్పుడు ఏడేళ్ళు. మా అమ్మ కొడుతుందని తనే చెట్టు మీంచి పడ్డానని చెప్పాడు" అంది. ఎనభై ఏళ్ళ నాటి సంగతి. ఆ పెద్దకర్మలో నేను మైకు ముట్టుకోలేదు. అవసరం పడలేదు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, పుస్తకంలో పుట్టినతేదీకీ అమ్మమ్మ చెప్పేదానికీ కుదరకపోవచ్చు. ఆ రోజుల్లో భర్తీకి వెళ్ళినవాళ్ళలో చాలామందికి బళ్ళో మాస్టారు వేసిన తేదీయో, భర్తీ ఆఫీసులో రాసుకున్న తేదీయో ఉండేది. తేడా ఉంటే కంగారు పడొద్దు, రెంటిలో ఏది వాడాలో పెద్దవాళ్ళని అడగండి. రెండోది పేరు. మన ఇంటిపేరు ముందుంటుంది కదా, భర్తీ చేసుకున్న రైటర్ దాన్నే అసలు పేరనుకుని రాసేవాడు. దాంతో యూనిట్లో ఆయన్ని పదిహేడేళ్ళూ ఇంటిపేరుతోనో, ఉత్త "రావు" అనో పిలిచి ఉంటారు. ఆయన తోటివాళ్ళని వెతికేటప్పుడు ఊళ్ళో పేరు చెప్తే ఎవరికీ తెలియదు. ట్రంకు మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి చూడండి, ఆ పేరే చెప్పాలి.

పతకాలని చింతపండు పెట్టి తోమొద్దు. ఇది వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ ఎన్ని ఇళ్ళలో చూశానో. పెద్దకర్మకి ఫొటో పక్కన పెట్టాలని ఇత్తడి చెంబుల్తో పాటు వేసి తళతళలాడించేస్తారు. చాలా పతకాల అంచు చుట్టూ సన్నటి అక్షరాలతో నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. తోమితే అవి అరిగిపోతాయి. పొడిగుడ్డతో తుడిచి, వెలుతురులో భూతద్దం పెట్టి చదవండి. మీ నాలుగు పతకాలు ఏమేమిటో రాయలేదు కాబట్టి మామూలుగా ఆ తరం వాళ్ళ దగ్గర ఉండేవి చెప్తాను. 1971కి సంబంధించి "సంగ్రామ్ మెడల్" ఉంటే ఆయన అప్పుడు సర్వీసులో ఉన్నారని అర్థం, అంతవరకే. "పూర్వీ స్టార్" ఉంటే తూర్పు రంగంలో, "పశ్చిమీ స్టార్" ఉంటే పడమటి రంగంలో పనిచేశారని. 1965 యుద్ధానికి కూడా ఇలాంటి జతే ఉంది, "రక్షా మెడల్" సర్వీసులో ఉన్నందుకు, "సమర్ సేవా స్టార్" యుద్ధరంగంలో ఉన్నందుకు. 1972లో స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళయిన సందర్భంగా అప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ళకి ఒకటి ఇచ్చారు, అది దాదాపు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తుంది. "సైన్య సేవా మెడల్" ఉంటే దాని రిబ్బను మీద చిన్న లోహపు పట్టీ ఉందేమో చూడండి. "హిమాలయ" అనో "జమ్మూ కాశ్మీర్" అనో ఉంటే, ఆయన ఏ చలిలో ఉన్నారో ఆ పట్టీయే చెప్తుంది.

ఇవేవీ సాహసానికి ఇచ్చే పతకాలు కావు. ఫలానా చోట, ఫలానా కాలంలో పనిచేసినందుకు అందరితో పాటు ఇచ్చేవి. అందులో తక్కువేం లేదు. కానీ ఒక ఊళ్ళో అల్లుడుగారు ఉత్సాహం కొద్దీ "వీరచక్ర గ్రహీత" అని ఆహ్వాన పత్రం మీద వేయించారు. వీర్ చక్ర వచ్చిందంటే గెజిట్‌లో పేరుంటుంది, ఎవరైనా ఫోన్లో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. చూశారు కూడా. ఆ మనిషి బతికినన్నాళ్ళూ ఎప్పుడూ లేనిపోనిది చెప్పుకోలేదు, పోయాక ఆయన పేరు మీద అబద్ధం మిగిలింది.

ర్యాంకు సంగతీ ఇంతే. ఒక సుబేదార్ మేజర్ గారు పోతే పిల్లలు ఫ్లెక్స్ వేయించారు. కొట్టువాడు చోటు చాలక "సుబేదార్" తీసేసి "మేజర్" ఒక్కటే ఉంచాడు. పైగా వెనక బ్యాక్‌గ్రౌండ్‌లో యుద్ధ విమానం. ఆయన ఆర్టిలరీ (ఫిరంగి దళం) మనిషి, విమానంతో ఆయనకేం పని? సంతాపానికి వచ్చిన పాత సైనికులు దాన్ని చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేజర్ అంటే ఆఫీసరు కదా, పెద్దదే కదా అని కొడుకు నాతో వాదించాడు. సిపాయిగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, జేసీవోల్లో (జవాన్లకీ ఆఫీసర్లకీ మధ్య ర్యాంకులు) ఆఖరి మెట్టు మీద నిలబడితే సుబేదార్ మేజర్ అంటారు బాబూ, ఆ మొదటి మాట తీసేస్తే ఆయన జీవితమే తీసేసినట్టు అన్నాను. సాయంత్రానికి మార్పించాడు, విమానం మాత్రం ఉంచుకున్నాడు! మీ తాతయ్యగారిది ఇన్ఫాంట్రీ అయితే సిపాయి అని, ఆర్టిలరీలో గన్నర్ అని, ఇంజనీర్స్‌లో సాపర్ అని, మరమ్మతులు చూసే ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్ అని, మా సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్ అని ఉంటుంది. అన్నీ ఒకే మెట్టు. డిశ్చార్జ్ బుక్‌లో ఎలా ఉంటే అలాగే చదవండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అమ్మమ్మ.

మా మామగారిదే చెప్తాను. ఆయన ఏఎస్‌సీలో (సైన్యానికి సరుకులు, రవాణా చూసే విభాగం) డ్రైవరు. శ్రీనగర్ నుంచి జోజిలా మీదుగా లేహ్ వైపు కాన్వాయ్‌లో లారీ నడిపినవాడు. ఊళ్ళోకి వచ్చాక కూడా ఏ బస్సు ఎక్కినా, ఎక్కబోయే ముందు చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ బూటు కాలితో తట్టి చూసేవాడు. కండక్టర్లు తిట్టుకునేవాళ్ళు. ఆయన పోయినప్పుడు నేనే మాట్లాడాను, ఇంటి అల్లుణ్ణి, పైగా మిలటరీవాణ్ణి కదా. ఇరవై నిమిషాలు మాట్లాడాను. 1965 అన్నాను, లడఖ్ అన్నాను, కాన్వాయ్‌లు, మంచు, ఎత్తులు అన్నీ చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. రాత్రి భోజనాలయ్యాక మా అత్తగారు నన్ను పిలిచి, "బాగా చెప్పారు బాబూ. కానీ మీరు చెప్పినాయనెవరో నాకు తెలియలేదు" అన్నారు.

ఎత్తిపొడుపేం కాదు. ఆవిడకి నిజంగానే తెలియలేదు.

తర్వాత లోపలికి వెళ్ళి వంటింటి అటక మీంచి ఒక ఇనప తీగ తెచ్చారు. కొట్లల్లో బిల్లులు గుచ్చుతారే, అలాంటిది. దానికి ఈ చివర నుంచి ఆ చివరిదాకా మనీ ఆర్డరు కూపన్లు గుచ్చి ఉన్నాయి. అప్పట్లో డబ్బిచ్చాక పోస్ట్‌మాన్ చింపి ఇచ్చే చిన్న ముక్క. ఒకవైపు పంపినవాడి నంబరు, పేరు, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). ఊరి పేరు ఉండదు, ఎక్కడున్నాడో తెలియకూడదు కదా. కింద రెండు మూడు లైన్లు రాసుకునే చోటు. మామగారు అందులో చీమల్లాంటి అక్షరాలతో ఇరికించేవాడు. "40 రూ. కొట్టు బాకీ 15 ఇవ్వు. పెద్దదానికి చెప్పులు. గేదె ఈనిందా రాయి." తర్వాతి నెల: "45 రూ. దూడ పెయ్యా దున్నా రాయలేదు." దాని తర్వాత నాలుగు నెలల కూపన్లలో సున్నం బట్టీవాడికి ఇంత, ఇటుక బండికి ఇంత. ఇప్పుడు మేం కూర్చున్న ఇల్లే అది. ఆయన కట్టించేటప్పుడు ఒక్క రోజు కూడా దగ్గర లేడు, ఆ కూపన్ల మీద నుంచే కట్టించాడు.

ఇంకో మాట కూడా అప్పుడే తెలిసింది. పెళ్ళయిన కొత్తలో అత్తగారికి చదువు రాదు. ఉత్తరాలు పోస్ట్‌మాన్ చదివి వినిపించేవాడు. ఒకసారి మామగారు ఏదో రాయకూడని మాట రాశాడట, పోస్ట్‌మాన్ చదవడం ఆపి నవ్వాడట. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఆ మర్నాటి నుంచి ఆడపడుచు కొడుకు పలక తీసుకుని, వాడి దగ్గరే అ ఆలు మొదలుపెట్టి, ఆరు నెలల్లో తనే చదువుకోవడం, తర్వాత రాయడం నేర్చుకుంది. ఏం మాట రాశాడో మాత్రం ఎనభై ఏళ్ళ వయసులో కూడా చెప్పలేదు.

ఇదంతా తెలిసి ఉంటే నేను లడఖ్ గురించి అంతసేపు మాట్లాడేవాణ్ణా? సంవత్సరీకం రోజున ఆ తీగ తీసుకెళ్ళి ఒక్కో కూపనూ చదివాను. ఆరే ఆరు చదివాను. ఇటుక బండి దగ్గరికి వచ్చేసరికి మా పెద్ద బావమరిది లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అందుకే లెక్క వేసి చూడమంటాను. ఏడాదికి రెండు నెలల యాన్యువల్ లీవు, పైన కొద్దిరోజుల క్యాజువల్. రైలు ప్రయాణానికే అటు మూడు, ఇటు మూడు రోజులు పోయేవి. పదిహేడేళ్ళ సర్వీసులో మీ తాతయ్య ఇంట్లో గడిపింది మొత్తం కలిపినా మూడేళ్ళు చిల్లర. మిగతా పద్నాలుగేళ్ళు ఇల్లు నడిపింది అమ్మమ్మ. పురుళ్ళు, జ్వరాలు, అత్తమామలు, అప్పులవాళ్ళు, అన్నీ. ఆయన గురించి రాసే దాంట్లో సగం ఆవిడ గురించి ఉండాలి. లేకపోతే అది సగం కథే.

ఆవిణ్ణి ఎలా అడగాలో కూడా చెప్తాను. "తాతయ్య ఎలాంటివాడు అమ్మమ్మా?" అని అడగొద్దు. "మంచివాడు నాయనా" అని కళ్ళు తుడుచుకుంటారు, అక్కడితో అయిపోతుంది. చిన్న చిన్నవి అడగండి. సెలవు మీద వచ్చేటప్పుడు పెట్టెలో ఏం తెచ్చేవాడు? ముందుగా ఉత్తరం రాసేవాడా, చెప్పాపెట్టకుండా దిగేవాడా? వచ్చిన మొదటిరోజు ఏం వండమనేవాడు? పిల్లలు ఆయన్ని గుర్తుపట్టేవాళ్ళా? తిరిగి వెళ్ళేరోజు ఎక్కడిదాకా సాగనంపేవారు, వెనక్కి తిరిగి చూసేవాడా? ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టుకోండి, కానీ ఆవిడకి చెప్పే చేయండి. ఒకేసారి గంటలు కూర్చోబెట్టొద్దు. చావు జరిగిన ఇల్లు, ఆవిడ అలిసిపోయి ఉంటారు. కాసేపు మాట్లాడి, కాఫీ ఇచ్చి, మళ్ళీ సాయంత్రం.

ఆయన యుద్ధం గురించి ఎందుకు మాట్లాడలేదని మీరు బాధపడుతూ రాశారు. చాలామంది మాట్లాడరు. చెప్పినా అర్థం కాదనుకునేవాళ్ళు కొందరు, చెప్పుకోవడం గొప్పలకి పోవడమనుకునేవాళ్ళు కొందరు. ఇంకొందరికి అది గుర్తు చేసుకోవాలని ఉండదు. మీ తాతయ్య ఏ రకమో ఇప్పుడు మనం తేల్చలేం, మైకులో తేల్చే ప్రయత్నం కూడా చేయొద్దు. "ఆయన మాకు యుద్ధం గురించి చెప్పలేదు" అని ఉన్నదున్నట్టు అనేయండి. వినేవాళ్ళకి అది చాలు.

కానీ ఒక దారి ఉంది. ఆయనతో పనిచేసినవాళ్ళలో ఎవరైనా బతికి ఉంటే, పెద్దకర్మకి కబురు చేయండి. పక్క ఊళ్ళలో కనుక్కోండి. మా వైపు ఒక పెద్దాయన పోయినప్పుడు ఇలాగే యాభై కిలోమీటర్ల దూరం నుంచి ఒక ముసలాయన చేతికర్ర పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ 1971 డిసెంబరులో పడమటి సరిహద్దులో ఒకే కంపెనీలో ఉన్నారు. అక్కడి ఊళ్ళలో జనం రాత్రికి రాత్రి ఇళ్ళు వదిలేసి వెళ్ళిపోయారట, గొడ్లు మాత్రం కట్టేసినవి కట్టేసినట్టే ఉండిపోయాయట. "ఫిరంగి మోతకి మాకు నిద్ర పట్టేది కాదు. వీడికి మాత్రం ఆ గొడ్ల అరుపుకి పట్టేది కాదు. తెల్లారగానే వెళ్ళి పలుపులు కోసి వదిలేసేవాడు. గుమ్మాల్లో మందుపాతరలు ఉంటాయిరా అని సుబేదార్ సాబ్ తిట్టినా వినలేదు" అన్నాడు. చనిపోయినాయన కొడుకులిద్దరూ రైతులే. వాళ్ళ నాన్న అర్ధరాత్రి గేదె అరిస్తే చాలు, లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళి తెల్లారేదాకా అక్కడే నులకమంచం వేసుకునేవాడట. ఆయనకి పశువుల పిచ్చి అనుకున్నారు ఇన్నాళ్ళూ.

తోటివాళ్ళు ఎక్కడ దొరుకుతారంటే, జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయంలో అడగండి, మాజీ సైనికుల సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో యూనిట్ పేరుతో అడగండి. కొన్ని ఊళ్ళకి ఈ బాధే లేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు, తరతరాలుగా సైన్యంలోకి వెళ్ళిన ఊరు. అలాంటి చోట పక్కింటి అరుగు మీదే సగం చరిత్ర దొరుకుతుంది. మీది అలాంటి ఊరు కాకపోతే మిలటరీ క్యాంటీన్‌కి వెళ్ళి చూడండి. సరుకుల కోసం వచ్చే ముసలివాళ్ళ కన్నా పెద్ద గ్రంథాలయం లేదు.

లోపాల గురించి. మిలటరీ తాతయ్యలందరూ గంధం పూసుకున్నవాళ్ళేం కాదు. కోపం, మొండితనం, కొందరికి సాయంత్రం రమ్ము, పిల్లల మీద చేయిచేసుకోవడం. ఇవన్నీ తెలిసిన ఊళ్ళో "శాంతమూర్తి" అంటే వెనకవరసలో నవ్వుతారు. ఒకాయన పెద్దకర్మలో కొడుకు లేచి, "మా నాన్న మమ్మల్ని పిల్లలనుకోలేదండీ, ప్లటూన్ అనుకున్నాడు. తెల్లారుజామున ఐదుకి ఫాలిన్, అంటే వరసలో నిలబడాలి. దుప్పటి నాలుగు మూలలూ కలిసేలా మడత పెట్టకపోతే మళ్ళీ పరిచి మళ్ళీ మడవాలి. నాకిప్పుడు యాభై ఆరేళ్ళు, హోటల్ గదిలో కూడా దుప్పటి మడత పెట్టి గానీ బయటికి రాను" అన్నాడు. జనం పగలబడి నవ్వారు, వాళ్ళ అమ్మ కూడా నవ్వింది. పెద్ద గాయాలు ఉంటే మాత్రం మైకులో వద్దు. దాచమని కాదు, అది ఇంట్లోవాళ్ళు మాట్లాడుకోవాల్సిన సంగతి.

జెండా గురించి కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక్క ముక్క. శవపేటిక మీదో పాడె మీదో జాతీయ జెండా కప్పేది ప్రభుత్వ, సైనిక, కేంద్ర పారామిలటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లోనే. అప్పుడు కూడా కాషాయం తలవైపు ఉండాలి, దహనానికి ముందు తీసేయాలి. మాజీ సైనికుడు కదా అని ఇంట్లోవాళ్ళే కొని కప్పకూడదు, ఫొటోకి చుట్టకూడదు. అభిమానంతోనే చేస్తారు, కానీ చట్టం ఒప్పుకోదు. ఆ పెద్దాయన కూడా ఒప్పుకునేవాడు కాదు.

ఇప్పుడు పుస్తకం. సంవత్సరీకానికి వేయాలనుకుంటే రేపటి నుంచే ఒక పని మొదలుపెట్టండి. ఆయన రికార్డు ఆఫీసుకి (సైనికుల సర్వీసు కాగితాలు ఉండే చోటు) ఉత్తరం రాయండి. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, ఈఎంఈ, ఏఓసీ (ఆయుధాలు, సామాన్లు చూసే విభాగం) అయితే మన సికింద్రాబాద్‌లోనే, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్స్ అయితే బెంగళూరు. నంబరు, ర్యాంకు, పేరు రాసి, డెత్ సర్టిఫికెట్, పీపీఓ నకలు, అమ్మమ్మ సంతకం జత చేసి, ఏయే యూనిట్లలో ఎప్పుడెప్పుడు ఉన్నారో ఆ వివరాలు ఇవ్వమని అడగండి. దరఖాస్తు అమ్మమ్మ పేరు మీద వెళితే మంచిది. ఆ వివరాలుండే కాగితాన్ని షీట్ రోల్ అంటారు, ఆ మాట వాడండి, గుమాస్తాకి సులువు. జవాబు నెలల తరబడి రాకపోవచ్చు. వచ్చాక, ఆయన ఏ నెలలో ఏ యూనిట్‌లో ఉన్నారో తెలిస్తే, ఆ యూనిట్ 1971లో ఏ రంగంలో ఉందో వెతకడం పెద్ద కష్టం కాదు. అప్పుడు రాయండి యుద్ధం గురించి, తేదీలతో సహా. అప్పుడు కూడా "యూనిట్ అక్కడుంది" అని రాయండి గానీ, "మా తాతయ్య శత్రువుల్ని తరిమారు" అని రాయొద్దు. ఆయన ఆ వారం సెలవులో ఉండి ఉండొచ్చు, ఆసుపత్రిలో ఉండి ఉండొచ్చు, లంగర్‌లో (సైనికుల వంటశాలలో) రొట్టెలు కాలుస్తూ ఉండొచ్చు. రొట్టెలు కాల్చేవాడు లేకపోతే ఏ యుద్ధమూ జరగదు, ఆ మాట కూడా రాయండి.

అడగలేదు గానీ చెప్తున్నాను. ఆయన పెన్షన్ పడే ఖాతాలోంచి ఇప్పుడేం తీయొద్దు, చనిపోయిన తర్వాత పడ్డది వెనక్కి కట్టాల్సి వస్తుంది. చనిపోయినట్టు తెలియజేసి అమ్మమ్మకి ఫ్యామిలీ పెన్షన్ దరఖాస్తు పెట్టండి. పీపీఓలో ఆవిడ పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో ముందే చూడండి. అక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చి ఏడాది తిరిగినవాళ్ళున్నారు. స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్ వెబ్‌సైట్) ఎలా చేయాలో తెలియకపోతే సైనిక్ సంక్షేమ కార్యాలయంలో చేసిపెడతారు.

పెద్దకర్మ రోజున ఐదు నిమిషాలు మించొద్దు, భోజనాల వేళకి ఎవరూ వినరు. డిశ్చార్జ్ బుక్‌లోంచి రెండు లైన్లు, అమ్మమ్మ చెప్పిన సంగతి ఒకటి, ఊరివాళ్ళు తల ఊపే సంగతి ఒకటి. కాగితం చూసి చదవండి, తప్పేం లేదు.

డిశ్చార్జ్ బుక్‌లో చేతిరాత అర్థం కాకపోతే, సంక్షిప్త అక్షరాలు తెలియకపోతే, ఆ పేజీ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. నంబరు, పేరు ఉన్నచోట కాగితం ముక్క అడ్డంపెట్టి తీయండి, లేకపోతే ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. రాత్రి తొమ్మిది తర్వాత నేను చూస్తాను.